కర్త, క్రియలను గుర్తించడం (తెలుగు వ్యాకరణం)

వాక్యంలో పనిని తెలిపే పదాన్ని క్రియ అనీ, ఆ పనిని చేసేవారిని లేదా చేసేదానిని తెలిపే పదాన్ని కర్త అనీ అంటారు. పని ఫలితాన్ని పొందేది కర్మ. "సీత పూలు కోసింది" అనే వాక్యంలో సీత కర్త, పూలు కర్మ, కోసింది క్రియ. వీటిని గుర్తించడం పాఠశాలలో వాక్య బోధనకు తొలి మెట్టు. పొడవైన వాక్యంలో ఏ పని ఎవరిదో తెలియకపోతే దాని అర్థమే తారుమారవుతుంది.

పదక్రమం
తెలుగు వాక్యంలో సాధారణ క్రమం కర్త, కర్మ, క్రియ. అయితే విభక్తి ప్రత్యయాల వలన ఈ క్రమం మారినా అర్థం చెడదు. "పామును ముంగిస చంపింది" అన్నప్పుడు మొదట ఉన్నది కర్మ. కాబట్టి "మొదటి పదమే కర్త" అని నేర్పడం సరికాదు. క్రియ సాధారణంగా వాక్యం చివర ఉంటుంది కనుక ముందు దానిని గుర్తించి, తరువాత "ఎవరు?", "ఏది?" అని ప్రశ్నించి కర్తను రాబట్టడం అనువైన పద్ధతి.

క్రియ చివరి ప్రత్యయం
సమాపక క్రియ చివరి భాగం కర్త యొక్క పురుషను, వచనాన్ని, లింగాన్ని సూచిస్తుంది.
* వచ్చాను - నేను
* వచ్చాము - మేము, మనము
* వచ్చావు - నీవు
* వచ్చాడు - అతడు
* వచ్చింది - ఆమె, అది
* వచ్చారు - మీరు, వారు
* వచ్చాయి - అవి

అందువలన "రేపు వస్తాను" వంటి వాక్యంలో కర్త పైకి కనిపించకపోయినా "నేను" అని తెలుస్తుంది. "పిల్లవాడు పుస్తకాలు చదివాడు" అనే వాక్యంలో "పుస్తకాలు" తీసి "పుస్తకం" అంటే క్రియ మారదు. "పిల్లవాడు" తీసి "పిల్లలు" అంటే క్రియ "చదివారు" అవుతుంది. ఏ పదాన్ని మారిస్తే క్రియ మారుతుందో అదే కర్త. "రాలేదు" వంటి వ్యతిరేక రూపాలు అన్ని పురుషలలోనూ ఒకేలా ఉంటాయి కనుక వాటికి ఈ పరీక్ష పనిచేయదు.

అసమాపక క్రియలు
"రవి అన్నం తిని, పుస్తకాలు సర్దుకొని బడికి వెళ్ళాడు" అనే వాక్యంలో మూడు పనులున్నా వాక్యాన్ని ముగించే క్రియ "వెళ్ళాడు" ఒక్కటే. మూడింటికీ కర్త రవి. "వర్షం కురిస్తే రైతులు విత్తనాలు చల్లుతారు" అన్నప్పుడు కురిసేది వర్షం, చల్లేది రైతులు. "అమ్మ చేసిన పులిహోర పిల్లలు తిన్నారు" అనే వాక్యంలోనూ చేసినది అమ్మ, తిన్నది పిల్లలు. విద్యార్థి ప్రతి క్రియారూపానికీ విడివిడిగా ప్రశ్న వేసుకోవాలి.

క్రియ లేని వాక్యాలు
"ఆయన వైద్యుడు", "ఈ ఊరు మాది" వంటివి క్రియారహిత వాక్యాలు. తెలుగులో ఇవి సహజమైన పూర్తి వాక్యాలే. వీటిలో క్రియ కోసం వెదకమని విద్యార్థిని అడగరాదు.

కర్త, సబ్జెక్టు
ఆంగ్ల వ్యాకరణంలోని సబ్జెక్టును కర్తతో సమానంగా చెప్పడం పాఠశాలల్లో వాడుక. ఈ రెండూ అన్ని చోట్లా ఒకటి కావు. పాణిని అష్టాధ్యాయిలో కర్త ఒక కారకం. అంటే క్రియతో దానికి గల అర్థసంబంధమే ప్రధానం. సబ్జెక్టు వాక్య నిర్మాణానికి సంబంధించినది. "గుడి రాజుచే కట్టబడింది" అనే కర్మణి వాక్యంలో క్రియ "గుడి"ని అనుసరించినా, సంప్రదాయ వ్యాకరణం ప్రకారం కర్త రాజే. పైన చెప్పిన ప్రత్యయ పరీక్ష కర్తరి వాక్యాలకే వర్తిస్తుంది.

"పిల్లలకు జ్వరం వచ్చింది" అనే వాక్యంలో క్రియ "జ్వరం" అనే పదాన్ని అనుసరిస్తుంది; బాధ అనుభవించేది మాత్రం పిల్లలు. "నాకు తెలుసు" వంటి వాక్యాలలో "నాకు" అనే రూపాన్నే కర్తృస్థానంలో ఉన్నట్లు పలువురు భాషాశాస్త్రవేత్తలు పరిగణిస్తారు.

వ్యాకరణ గ్రంథాలు
పరవస్తు చిన్నయ సూరి రచించిన బాలవ్యాకరణంలో కారక, క్రియా పరిచ్ఛేదాలు ఉన్నాయి. వాక్యానికి ప్రత్యేక పరిచ్ఛేదం లేదు. ఆధునిక తెలుగు వాక్య నిర్మాణాన్ని చేకూరి రామారావు 1975లో వెలువడిన "తెలుగు వాక్యం" అనే గ్రంథంలో వివరించారు.