కణత నాడి మెదడుకు చేరిన కథ

వేడి అన్నం ఊదుకుంటూ తింటున్న పిల్లాడి చేయి ఉన్నట్టుండి వాలిపోతుంది. వెక్కివెక్కి ఏడ్చినా అంతే. కాసేపటికి మళ్లీ మామూలే. గట్టిగా ఊపిరి వదిలితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి మెదడు నాళాలు కుంచించుకుంటాయి. అసలే అరకొర రక్తంతో నెట్టుకొస్తున్న భాగానికి ఆ కాస్తా అందదు. పిల్లల్లో మోయమోయ జబ్బు తరచూ ఇలా బయటపడుతుంది.

ఈ జబ్బులో, మెడలోంచి మెదడుకు రక్తం తీసుకెళ్లే పెద్ద ధమనులు పుర్రె లోపల సన్నబడి మూసుకుపోతాయి. ఆ లోటు పూడ్చడానికి మెదడు అడుగున సన్నని నాళాలు గుబురుగా పుడతాయి. 1957లో జపాన్‌లో టకేయుచి, షిమిజు దీని గురించి తొలిసారి రాశారు. యాంజియోగ్రామ్‌లో పొగలా కనిపించే ఆ గుబురును బట్టి 1969లో సెందాయ్ నగర వైద్యులు సుజుకి, టకాకు జబ్బుకు మోయమోయ అని పేరు పెట్టారు.

 మూసుకుపోయిన ఈ ధమనులను తెరిచే మందు ప్రపంచంలో ఇంకా ఎక్కడా లేదు. ఉన్నది పక్కదారి (బైపాస్) ఒక్కటే.

1960లో అమెరికాలోని వెర్మాంట్‌లో జాకబ్‌సన్, సువారెజ్ మైక్రోస్కోపు కింద సన్న నాళాలను కుట్టి చూపారు. అక్కడే డొనాగీ ల్యాబులో జంతువుల మీద సాధన చేసిన శస్త్రవైద్యుడు యాసర్గిల్, 1967 అక్టోబరులో జ్యూరిక్‌లో కణత నాడితో తొలి బైపాస్ చేశారు. చెవి ముందు వేలు పెడితే కొట్టుకునే ఆ నాడిని పుర్రె తెరిచి మెదడు పైనున్న ధమనికి కుట్టారు. 1972లో మోయమోయ రోగికీ అదే చేశారు.

అయితే కొవ్వు పేరుకుని ధమనులు మూసుకున్నవారిలో ఈ ఆపరేషన్ పక్షవాతాన్ని ఆపలేదని 1,377 మందిపై జరిగిన పరిశోధన 1985లో తేల్చింది. దాంతో చాలాచోట్ల బైపాస్ మూలపడింది. మోయమోయలో మాత్రం నిలిచింది, ఎందుకంటే అక్కడ అసలు చిక్కే రక్తం చాలకపోవడం.

కుట్టు పడ్డాకా కథ అయిపోలేదు.  ఆపరేషన్ బాగా జరిగినా కొందరికి కొద్దిరోజుల్లో మాట తడబడేది, తలనొప్పి, ఫిట్స్ వచ్చేవి. కుట్టు మూసుకుపోయిందేమోనన్న అనుమానం సహజం. సెందాయ్‌లోనే ఫుజిమురా, టొమినాగ బృందం రక్తప్రసరణను చూపే స్పెక్ట్ స్కాన్‌తో చూస్తే చాలామందిలో అక్కడ రక్తం ఎక్కువైంది! ఏళ్లుగా ఎండిన కాలువకు ఒక్కసారిగా తూము ఎత్తినట్టు. అందుకే ఆపరేషన్ తర్వాత బీపీని కాపు కాస్తారు: పెరిగితే రక్తస్రావం, మరీ తగ్గితే మెదడుకు కొరత.

2014లో వెలువడిన జపాన్ పరిశోధనలో, అప్పటికే మెదడులో రక్తస్రావమైన 80 మందిలో, బైపాస్ లేనివారిలో 31.6 శాతానికి అది తిరగబెట్టింది. చేయించుకున్నవారిలో 11.9 శాతానికే.

కాబట్టి పిల్లల చేయి పడిపోయి లేస్తే ‘తగ్గిపోయిందిగా’ అని ఊరుకోకూడదు. హైదరాబాద్ పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రి లాంటి చోట నాడీవైద్యులకు చూపించాలి. పక్షవాతం రాకముందే చేస్తే బైపాస్ కాపాడగలిగేది ఎక్కువ.