పి.వి. నరసింహారావు: పదవి దిగాక

పాములపర్తి వెంకట నరసింహారావు (28 జూన్ 1921 – 23 డిసెంబర్ 2004) 1991 నుంచి 1996 వరకు భారత ప్రధాని. తెలుగువారిలో ఆ పదవి అందుకున్నది ఆయన ఒక్కరే. దక్షిణాది నుంచి వచ్చిన తొలి ప్రధాని కూడా ఆయనే. అభిమానులు అపర చాణక్యుడు అన్నారు. నిర్ణయం తీసుకోవలసిన గడియలో మౌనం పాటించిన మనిషి అని విమర్శకులు అన్నారు. బతికుండగా సొంత పార్టీ కాంగ్రెస్‌కే బరువైన ఈ నాయకుడిని చనిపోయాక పార్టీలు పోటీపడి తమవాడనుకున్నాయి. ప్రధానిగా ఆయన అయిదేళ్ల పాలన గురించి పుస్తకాలు చాలానే ఉన్నాయి గనుక, ఈ వ్యాసం ఆయన రాజకీయాల నుంచి తప్పుకున్న తీరుమీద, ఆ తర్వాత ఆయన పేరుకు పట్టిన గతిమీద ఎక్కువగా నిలుస్తుంది.

నేపథ్యం

వరంగల్ జిల్లా లక్నేపల్లిలో పుట్టి, వంగర గ్రామానికి దత్తత వెళ్లారు. నిజాం పాలనలో వందేమాతరం ఉద్యమం కారణంగా ఉస్మానియాలో చదువు సాగక నాగపూర్, పుణె వెళ్లి చదివారు. వరంగల్‌లో పాములపర్తి సదాశివరావుతో కలిసి ‘కాకతీయ పత్రిక’ నడిపారు. 1957 నుంచి మంథనికి శాసనసభ్యుడు. 1971లో నల్గొండ జిల్లా సర్వేల్‌లో మొదలైన గురుకుల పాఠశాల, కేంద్రంలో మానవవనరుల మంత్రిగా ఉండగా వచ్చిన నవోదయ విద్యాలయాలు ఆయన పేరుతో ముడిపడిన పనుల్లో ఎవరూ తగువు పెట్టుకోనివి.

తగువు 1971 సెప్టెంబర్‌లో ముఖ్యమంత్రి అయ్యాక మొదలైంది. భూపరిమితి చట్టానికి పూనుకోవడంతో రెండు ప్రాంతాల భూస్వాములూ దూరమయ్యారు. 1972 అక్టోబర్‌లో, స్థానికులకు ఉద్యోగాల్లో ప్రాధాన్యమిచ్చే ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తీర్పును ముఖ్యమంత్రి సమర్థించిన తీరు కోస్తాలో, రాయలసీమలో ప్రత్యేక రాష్ట్రం కోరిన జై ఆంధ్ర ఉద్యమానికి ఆజ్యం పోసింది. 1973 జనవరిలో పదవి పోయింది, రాష్ట్రపతి పాలన వచ్చింది. ముఖ్యమంత్రిగా ఏడాదిన్నర కూడా నిండలేదు. అప్పటి నుంచి రాష్ట్ర రాజకీయాల్లో ఆయనకు సొంత బలగం లేదు. 1984లో హన్మకొండలో భారతీయ జనతా పార్టీ అభ్యర్థి చందుపట్ల జంగారెడ్డి చేతిలో ఓడిపోయారు. అదే ఎన్నికలో మహారాష్ట్రలోని రాంటెక్ ఆయన్ను లోక్‌సభకు పంపింది. సొంత గడ్డ కాదన్న మనిషిని బయటివారు గెలిపించడం ఆయన జీవితంలో మళ్లీ మళ్లీ జరిగింది.

మొదటి విరమణ

1991 ఎన్నికల్లో ఆయన పోటీ చేయలేదు. డెబ్బయ్యో ఏడు దగ్గరపడుతోంది, ఆరోగ్యం అంతంతమాత్రం. ఢిల్లీ ఇంట్లోని పుస్తకాలు పెట్టెల్లో సర్దించి హైదరాబాద్‌కు పంపించేశారు. కుర్తాళం పీఠం బాధ్యత తీసుకునే ఆలోచన కూడా అప్పట్లో ఉందని ఆయన జీవిత చరిత్ర రాసినవారు చెబుతారు. అంటే, రాజకీయాల నుంచి ఆయన ఒకసారి నిజంగానే రిటైరయ్యారు. మే 21న శ్రీపెరుంబుదూరులో రాజీవ్ గాంధీ హత్య ఆ విరమణను రద్దు చేసింది. సరిగ్గా నెల రోజులకు, జూన్ 21న, పీవీ ప్రధానిగా ప్రమాణం చేశారు. అప్పటికి ఆయన ఏ సభలోనూ సభ్యుడు కాదు. నంద్యాల ఉప ఎన్నికలో నిలబడితే, ఎన్.టి. రామారావు తెలుగువాడు ప్రధాని అయ్యాడన్న మాటమీద తెలుగుదేశం అభ్యర్థిని నిలపలేదు. అయిదు లక్షల ఎనభై వేలకు పైగా మెజారిటీతో గెలిచారు. ముల్కీ తగువులో ఆయన్ను దించిన రాయలసీమలోనిదే ఆ నియోజకవర్గం.

1991 నుంచి 1996

చేతికొచ్చింది దివాలా అంచున ఉన్న ఖజానా. విదేశీ మారకం రెండు మూడు వారాల దిగుమతులకు కూడా బొటాబొటీగా సరిపోయేది. జూలై 1న, 3న రెండు విడతలుగా రూపాయి విలువ తగ్గించారు. రిజర్వు బ్యాంకు బంగారం సుమారు 47 టన్నులు ఇంగ్లండుకు తాకట్టు వెళ్లింది. జూలై 24న ఆర్థికమంత్రి మన్మోహన్ సింగ్ బడ్జెట్ చదవడానికి కొన్ని గంటల ముందు, పారిశ్రామిక విధానాన్ని లోక్‌సభ ముందు పెట్టారు. పద్దెనిమిది పరిశ్రమలు మినహా మిగతా వాటికి లైసెన్స్ అక్కర్లేదన్నది అందులోని సారం. పరిశ్రమల శాఖ ప్రధాని చేతిలోనే ఉంది. అయినా ఆ కాగితం సభలో పెట్టింది ఆయన కాదు, సహాయమంత్రి పి.జె. కురియన్. నెహ్రూ కాలపు కట్టడాన్ని కూలుస్తూ, నెహ్రూ మాటలే వల్లిస్తూ, ముందు వరుసలో మరొకరిని నిలబెట్టడం పీవీ పద్ధతి. నేర్పు అనండి, జంకు అనండి, మైనారిటీ ప్రభుత్వంలో ఆ పని అలాగే సాగింది. సంస్కరణల ఘనత మన్మోహన్‌దా పీవీదా అన్న చర్చ ఈనాటికీ తెగకపోవడానికి కారణం కూడా ఆ పద్ధతే.

అదే కాలంలో పంచాయతీలకు, పురపాలక సంఘాలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 73, 74వ సవరణలు వచ్చాయి. ఇజ్రాయెల్‌తో దౌత్య సంబంధాలు, చైనాతో 1993 సరిహద్దు ఒప్పందం, తూర్పు ఆసియా వైపు చూపు కూడా అప్పటివే. అణుపరీక్షకు సన్నాహాలు చేయించి, 1995 డిసెంబర్‌లో అమెరికా కంటపడటంతో ఆపుకున్నారు.

డిసెంబర్ 6

ఇన్ని పద్దులకు ఎదురుగా ఒక్క తేదీ నిలబడుతుంది. 1992 డిసెంబర్ 6, ఆదివారం. అయోధ్యలో బాబ్రీ మసీదును కరసేవకులు పట్టపగలు నేలమట్టం చేశారు. మసీదును కాపాడతామని ఉత్తరప్రదేశ్‌లోని కల్యాణ్ సింగ్ ప్రభుత్వం సుప్రీంకోర్టుకు, జాతీయ సమైక్యతా మండలికి హామీ ఇచ్చింది. ఆ హామీని కేంద్రం నమ్మింది, లేదా నమ్మినట్టు ఉండిపోయింది. ఫైజాబాద్ దగ్గర కేంద్ర బలగాలు ఉన్నా కదల్లేదు. రాష్ట్రపతి పాలన సాయంత్రం వచ్చింది, అప్పటికి కాపాడవలసిన కట్టడం లేదు. ఆ తర్వాత దేశమంతా అల్లర్లు. ముంబయి నెత్తురోడింది.

పీవీ వాదన రాజ్యాంగపరమైనది. జరగబోయే నేరాన్ని ఊహించి, ఎన్నికైన ప్రభుత్వాన్ని ముందుగానే బర్తరఫ్ చేసే అధికారం కేంద్రానికి లేదన్నారు. ఈ వాదనకే ఆయన ఒక పుస్తకం కేటాయించారు. తన మరణానంతరమే ప్రచురించాలన్న షరతు ఉండటంతో అది 2006లో వెలువడింది. కూల్చివేత రోజంతా పూజగదిలో కూర్చున్నారన్న కథనం ఒకటి ఏళ్ల తరబడి తిరుగుతోంది. ఆనాడు దగ్గరున్న కొందరు దాన్ని ఖండించారు. కూల్చివేతపై విచారణ జరిపిన లిబర్‌హాన్ కమిషన్ 2009లో ఇచ్చిన నివేదిక కేంద్రాన్ని తప్పుపట్టలేదు. అయినా కూల్చిన మసీదును మళ్లీ కట్టిస్తామన్న మాట నిలబెట్టుకోలేదన్నది మాత్రం ఎవరూ కాదనలేని సంగతి. 1984 నవంబర్‌లో ఢిల్లీ వీధుల్లో సిక్కులను ఊచకోత కోసినప్పుడు హోంమంత్రి కూడా ఆయనే. చట్టం చేతిలో ఉండి కదలని మనిషి అన్న అభియోగం అక్కడి నుంచే మొదలవుతుంది. అది అయోధ్య కంటే తక్కువగా చర్చకు వస్తుంది గాని, తక్కువది కాదు. వేచి చూడటం ఆర్థిక రంగంలో ఆయనకు పనిముట్టయింది, ఈ రెండు చోట్లా మచ్చయింది.

రెండవ విరమణ

1994లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఎన్నికల్లో 294 స్థానాలకు కాంగ్రెస్‌కు దక్కినవి 26. ప్రధాని సొంత రాష్ట్రంలో ఆ పరాజయం రాబోయేదానికి ముందస్తు కబురు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో పార్టీ 140 స్థానాలకు పడిపోయింది. మే నెలలో ప్రధాని పదవి, సెప్టెంబర్‌లో పార్టీ అధ్యక్ష పదవి, ఆ తర్వాత కొద్ది నెలలకే పార్లమెంటరీ పార్టీ నాయకత్వం పోయాయి. 1998లో, బాబ్రీ మసీదును కాపాడలేకపోయారన్న కారణంతో, సీతారాం కేసరి నాయకత్వంలోని పార్టీ ఆయనకు టికెట్టే ఇవ్వలేదు. మొదటిసారి తానుగా తప్పుకున్నారు, రెండోసారి తప్పించారు.

మిగిలిన ఏళ్లలో ఆయన నడిచిన దారి ఎక్కువగా కోర్టు మెట్ల మీదుగా సాగింది. 1993 జూలై 28న అవిశ్వాస తీర్మానాన్ని 265–251 ఓట్లతో గట్టెక్కడానికి జార్ఖండ్ ముక్తి మోర్చా ఎంపీలకు డబ్బు ముట్టిందన్న కేసు వాటిలో పెద్దది. 1998లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 3–2తో ఒక విడ్డూరమైన తీర్పు చెప్పింది. లంచం పుచ్చుకుని సభలో ఓటేసిన ఎంపీకి 105వ అధికరణం కింద రక్షణ ఉంది, ఇచ్చినవారికి లేదు. 2000 సెప్టెంబర్‌లో ప్రత్యేక కోర్టు పీవీని, కాంగ్రెస్ నాయకుడు బూటా సింగ్‌ను దోషులుగా తేల్చి, అక్టోబర్‌లో మూడేళ్ల జైలు విధించింది. క్రిమినల్ కేసులో శిక్షపడిన తొలి మాజీ ప్రధాని అయ్యారు. 2002 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ శిక్ష కొట్టేసింది. సెయింట్ కిట్స్ ఫోర్జరీ కేసు నిలవలేదు. లఖూభాయి పాఠక్ మోసం కేసులో 2003 డిసెంబర్‌లో నిర్దోషి అన్నారు. అప్పటికి ఆయనకు ఇంకో ఏడాదే ఆయుష్షు మిగిలింది. ఎనభయ్యో పడిలో వకీళ్ల ఫీజుల గురించి ఆందోళన పడిన మాజీ ప్రధాని మనకు ఇంకొకరు లేరు.

రాత

యౌవనంలో ‘విజయ’ పేరుతో ‘గొల్ల రామవ్వ’ కథ రాశారు. విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’ను ‘సహస్రఫణ్’గా హిందీలోకి, హరి నారాయణ ఆప్టే మరాఠీ నవలను ‘అబల జీవితం’గా తెలుగులోకి తెచ్చారు. 1998లో ఇంగ్లీషులో వచ్చిన ఆయన నవలకు కల్లూరి భాస్కరం చేసిన అనువాదం ‘లోపలి మనిషి’. అఫ్రోజాబాద్ అనే కల్పిత రాష్ట్రంలో ఆనంద్ అనే నాయకుడి కథ అది. పేర్లు మార్చినా మనుషులెవరో పోల్చుకోవడం తెలుగు పాఠకుడికి కష్టం కాదు. ప్రధాని కాలం మాత్రం అందులోకి రాదు. జనం వినదలచుకున్నది దాచి, తాను చెప్పదలచుకున్నది చెప్పడం ఆయన రాతలోనూ ఉంది.

అంతిమయాత్ర

2004 డిసెంబర్ 23న ఢిల్లీ ఎయిమ్స్‌లో కన్నుమూశారు. అంత్యక్రియలు ఢిల్లీలోనే జరగాలని కుటుంబం కోరుకుంది. పార్టీ పెద్దలు, రాష్ట్ర ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి నచ్చజెప్పి హైదరాబాద్‌కు ఒప్పించారు. విమానాశ్రయానికి వెళ్లే దారిలో శవపేటిక మోస్తున్న వాహనం 24, అక్బర్ రోడ్డులోని కాంగ్రెస్ కార్యాలయం ముందు ఆగింది. అయిదేళ్లు తాను అధ్యక్షుడిగా ఉన్న ఆ కార్యాలయం గేట్లు తెరుచుకోలేదు. కాసేపు ఆగి వాహనం సాగిపోయింది. మర్నాడు జూబిలీ హాల్లో ప్రజల సందర్శన, హుస్సేన్ సాగర్ ఒడ్డున దహనం. ఆ రాత్రి చితి పూర్తిగా కాలని దృశ్యాలను టీవీలు చూపించాయి. ఆరని అవమానంగా అవి తెలుగు ఇళ్లలో గుర్తుండిపోయాయి. 1972లో ఆయన్ను దించాలన్నవాళ్లు, 1992లో ఆయన్ను క్షమించనివాళ్లు కూడా ఆ గేటు సంగతి వచ్చేసరికి ఒకే మాట అంటారు.

పేరు

తర్వాతి చరిత్ర పేరు పంచుకునే చరిత్ర. 2009లో హైదరాబాద్‌లో మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా సుమారు 11.6 కిలోమీటర్ల వంతెన మార్గానికి ఆయన పేరు పెట్టారు. పెట్టింది కాంగ్రెస్ ప్రభుత్వమే. తెలంగాణ వచ్చాక పశువైద్య విశ్వవిద్యాలయం ఆయన పేరు పెట్టుకుంది. ఢిల్లీలో ఆయనకు స్మారకం 2015లో గాని రాలేదు, అదీ భాజపా నాయకత్వంలోని ప్రభుత్వం చేతుల మీదుగా. 2020–21లో తెలంగాణ రాష్ట్ర సమితి ప్రభుత్వం శతజయంతిని ఏడాదిపాటు జరిపింది. నెక్లెస్ రోడ్డు పీవీ మార్గ్ అయింది, ఆయన కుమార్తె సురభి వాణీదేవి ఆ పార్టీ తరఫున శాసనమండలికి ఎన్నికయ్యారు. భారతరత్న కోరుతూ శాసనసభ తీర్మానం చేస్తే మజ్లిస్ పార్టీ కలిసి రాలేదు. ఆ వ్యతిరేకతను కొందరు మొండితనం అన్నారు. అయోధ్య తర్వాత పాతబస్తీలో పెరిగిన తరానికి అది మొండితనంగా తోచదు.

2024 ఫిబ్రవరి 9న చరణ్ సింగ్, ఎం.ఎస్. స్వామినాథన్‌లతో పాటు పీవీకి భారతరత్న ప్రకటించారు. మార్చి 30న రాష్ట్రపతి నుంచి కుమారుడు ప్రభాకరరావు అందుకున్నారు. ఈ రెండు తేదీల నడుమ, మార్చి 4న, సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం సీతా సోరెన్ కేసులో తీర్పునిస్తూ, లంచం తిని ఓటేసిన సభ్యుడికి రక్షణ లేదంది. అలా కొట్టేసిన 1998 నాటి తీర్పును న్యాయగ్రంథాల్లో ‘పి.వి. నరసింహారావు వర్సెస్ స్టేట్’ అంటారు.