మైటర్ సా
ఫోటో ఫ్రేములు, బీడింగుల మూలలు 45 డిగ్రీల్లో అతికేలా చెక్కను అడ్డంగా కోసే కరెంటు రంపం. పది అంగుళాల (254 మి.మీ.) బ్లేడు ఖాళీగా తిరిగేటప్పుడు సాధారణంగా నిమిషానికి 4,000–5,000 చుట్లు తిరుగుతుంది. చెక్కను వెనక ఉన్న ఫెన్సుకు ఆనించి క్లాంపుతో బిగించాలి. చెయ్యి బ్లేడుకు జానెడు దూరంలో ఉండాలి. వంగిన చెక్కయితే ఉబ్బు వైపు ఫెన్సుకు తగలాలి. తిరగేసి పెడితే కోత మధ్యలో చెక్క మూసుకుని బ్లేడును పట్టేస్తుంది. బ్లేడు పూర్తి వేగం అందుకున్నాకే దించాలి. కోత అయ్యాక స్విచ్ వదిలినా, బ్లేడు ఆగేదాకా రంపం తల పైకెత్తకూడదు. తెగిన చిన్న ముక్కలు ఎక్కువగా ఎగిరేది ఈ తొందరలోనే. గ్లౌజులు రక్షణ అనుకుంటారు గానీ, పళ్లకు చిక్కితే చేతినే లాగేస్తాయి. కళ్లద్దాలు మాత్రం తప్పనిసరి. బ్లేడును కప్పే గార్డును పైకి కట్టేసి కోయడం శుద్ధ తెలివితక్కువతనం. బ్లేడు మార్చే ముందు ప్లగ్గు పీకాలి.