పాలజున్నులోని క్రిమియు, పాండురోగమును



మా ఉదయగిరి దుర్గము క్రిందను, ఆత్మకూరు మెట్టలలోను వేసవిలో పచ్చగడ్డి మాడిపోయినను, ఎనుములును గొఱ్ఱెలును ఎండుటాకులు నమలి ప్రాణము నిలుపుకొనును. నెమరువేయు ఆ జంతువుల పొట్టలో కోట్లకొలది సూక్ష్మజీవులు కాపురముండి, పీచును పులియబెట్టి ఆమ్లములుగా మార్చును. వానిలో నొకటి ప్రొపియోనిక్ ఆమ్లము. పశువు తన ఒంటికి వలసిన చక్కెరను అధికభాగము దీనినుండియే చేసికొనును. ఈ ఆమ్లమును పుట్టించు క్రిములలో నొకదాని చరిత్ర నేడు విన్నవింతును. అది స్విట్జర్లాండు జున్నుగదిలో బయలుదేఱి, కడకు మా యింటి వాకిటికి వచ్చినది.

ముందు పేరు సంగతి. ఈ ఆమ్లమును 1844లో గాట్లీబు అను రసాయనజ్ఞుడు కనుగొనెను. 1847లో ఫ్రాన్సు దేశీయుడగు డ్యూమా దానికి నామకరణము చేసెను. గ్రీకు భాషలో 'ప్రోటోస్' అనగా మొదటిది, 'పియోన్' అనగా క్రొవ్వు. క్రొవ్వుజాతి ఆమ్లములలో ఇది మొదటిదని ఆయన భావము. మన భాషలో 'ఆద్యమేదస్సు' అన్న సరిపోవును. పేరులను విప్పి చూచుట పండితుల జాడ్యము, మన్నింపుడు.

స్విట్జర్లాండులో ఎమెంటాలు అను జున్ను ప్రసిద్ధము. ఇది మన ఇండ్లలో ఈనిన ఆవు తొలిపాలతో వండు జున్ను కాదు. పాలను విఱిచి, నీరు పిండి, నెలలకొలది మాగవేసినది. కోసి చూచిన లోపల గోలీలంత రంధ్రములు! వీనిని చేయువారు ఎవరు? మన పెరుగులోని వానివంటి క్రిములు మొదట పాలలోని చక్కెరను లాక్టిక్ ఆమ్లముగా మార్చును. తరువాత జున్నుగడ్డను వెచ్చని గదిలో కొన్ని వారములు నిలువయుంచినపుడు రెండవ జాతి క్రిమి మేల్కొని, ఆ లాక్టిక్ ఆమ్లమునే ఆహారముగా గైకొని, ప్రొపియోనిక్ ఆమ్లమును, ఎసిటిక్ ఆమ్లమును, బొగ్గుపులుసు వాయువును విడుచును. వాయువు వెలికి పోజాలక లోపలనే బుడగలై నిలుచును. 1906లో ఫ్రాయిడెన్‌రైఖ్, ఓర్లా-యెన్సెన్ అను నిరువురు ఈ క్రిమిని వేఱుపఱచిరి. తరువాత దానికి మొదటివాని పేరే పెట్టబడినది.

ఇక పాండురోగము. అందులో నొక మొండిరకమును 1855లో అడిసన్ అను ఆంగ్లవైద్యుడు వర్ణించెను. రక్తము వెలవెలబోవును, నాలుక నున్నబడును, కాళ్ళు తిమ్మిరెక్కి నడక తడబడును, తుదకు మరణము. 1926లో బోస్టను నగరమున మైనాట్, మర్ఫీ అనువారు రోగులకు ప్రతిదినము కాలేయమును తినిపించి బ్రదికించిరి. 1934లో విప్పుల్‌తోబాటు వారికి నోబెల్ బహుమతి లభించెను. అయితే కాలేయములో ఏమున్నది?

ఈ ప్రశ్న అడిగినవారిలో మనవాడొకడు కలడు. ఎల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరమున జన్మించిరి. స్ప్రూ అను గ్రహణిజాతి రోగము ఆయన సోదరులను కబళించినది. చెన్నపురిలో వైద్యము చదివి, ఆయుర్వేద కళాశాలలో బోధించి, 1923లో బోస్టను చేరిరి. హార్వర్డులో కాలేయసారమును శోధించిరి. 1940లో లెడర్లీ పరిశోధనశాలకు పోయి, అక్కడి సహచరులతో 1945 నాటికి ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా నిర్మింపగలిగిరి. స్ప్రూ రోగులకు అది గుణమిచ్చినది. సోదరులను మ్రింగిన రోగమునకు మందు వెదకి తెచ్చిన మానవులు లోకమున ఎందఱుందురు?

కాని కథ అంతటితో ముగియలేదు. అడిసన్ రోగులకు ఫోలిక్ ఆమ్లమిచ్చిన రక్తము ఎఱ్ఱబడినది గాని, నరముల క్షయము ఆగలేదు, కొందఱిలో ముదిరినది. కాలేయములో వేఱొక పదార్థమున్నదని తేలినది. 1948 ఏప్రిలులో అమెరికాలోను, ఇంగ్లండులోను దాని ఎఱ్ఱని స్ఫటికములు బయటపడినవి. అదియే బి-12. ఆ ఆగస్టులోనే సుబ్బారావుగారు కీర్తిశేషులైరి. ఆ స్ఫటికముల నిర్మాణమును డొరొతీ హాడ్జ్‌కిన్ అను విదుషీమణి 1956 నాటికి తేల్చి, 1964లో నోబెల్ బహుమానము పొందెను. నడుమ కూర్చున్న లోహము కోబాల్టు. 

ఈ బి-12ను ఏ చెట్టును చేయదు, ఏ జంతువును చేయదు. సూక్ష్మజీవులు మాత్రమే చేయును. మన జున్నుక్రిమి అందులో ఘనాపాఠి. ప్రొపియోనిక్ ఆమ్లమును తయారుచేయు మార్గములో నొక మెట్టునకు బి-12 లేక పని జరుగదు గనుక తన యవసరమునకే అది దీనిని కూర్చుకొనును. విచిత్రమేమన, మన శరీరము ప్రొపియోనిక్ ఆమ్లమును కరిగించునపుడును ఆ మెట్టే, ఎదురుదిశలో, ఎక్కవలెను. బి-12 కొఱవడిన అది అక్కడ నిలిచిపోవును. కొన్ని కర్మాగారములలో ఈ క్రిమినే, కొన్నింట సూడోమోనాస్ అను మఱియొకదానిని పెంచి బి-12ను తీయుదురు. జున్నుక్రిమిని మొదట గాలి తగులనీయక, పిమ్మట గాలి ఊది పెంచవలెను. ఆ కడపటి భాగమును అతికించుటకు దానికి గాలి కావలెను.

దీని చుట్టమొకటి మన చర్మముపై నూనె గ్రంథులలో నుండి మొటిమలకు తోడ్పడును. కృత్రిమ కీళ్ళలో చేరి బాధించుటయు గలదు. 2016లో దానిని వేఱు ప్రజాతిగా విడదీసిరి. ఆ పేరు నేడు క్యుటీబాక్టీరియం.

శాకాహారులకు బి-12 ముఖ్యముగా వచ్చునది పాలనుండియే. ఎనుము పొట్టలోని క్రిములు చేసినది పాలలోనికి దిగును. ఆవుపాలు నూఱు మిల్లీలీటర్లలో ఇంచుమించు 0.4 మైక్రోగ్రామున్నది, మనకు దినమునకు వలసినది రెండు మైక్రోగ్రాములపై చిల్లర. ఒంటిలో నిలువ కొన్ని సంవత్సరములకు సరిపోవును గనుక లోటు ఆలస్యముగా కనబడును.

మా మేనత్తగారు మ్రొక్కుబడిగా పాలు, పెరుగు, నేయి ఏండ్లతరబడి విడిచిరి. అరికాళ్ళు మొద్దుబాఱినవి; చెప్పు జాఱిపోయినను ఆమెకు తెలియదు. మేము వాతమనుకొని తైలములు రుద్దితిమి. ఎవరో రక్తమునకని ఫోలిక్ మాత్రలిచ్చిరి. మొగము తేటపడినది, మేమందఱము సంతోషించితిమి. నడక మాత్రము నానాటికి చెడినది. తుదకు నెల్లూరిలో నొక వైద్యుడు రక్తపరీక్ష చేయించి, ఎఱ్ఱని సూదిమందు వ్రాసెను.

ఆ సీసాను వెలుతురునకు పట్టి అత్తగారు, "ఏరా, ఇది మాంసముతో చేసినది కాదు గదా?" అనిరి. పూర్వము కాలేయమునుండి తీసెడివారనియు, ఇపుడు క్రిములను తొట్టెలలో పెంచి చేయుదురనియు చెప్పితిని. ఆమె కొంత తడవు ఆలోచించి, "పెరుగులో లేని క్రిములా! పొడువుమనరా" అనిరి.

రక్తము కొన్ని వారములలో సరిపడినది. పాదములలో స్పర్శ సగమే తిరిగి వచ్చినది.