గొట్టమున ప్రవహించిన అంకెలు

కంప్యూటరుతో లెక్కించుట యొక విద్య. లెక్కించిన రూపమును కంటికి చూపుట వేరొక విద్య. ఒకే ప్రోగ్రాము రెంటిని మోయవలసివచ్చుట గణితజ్ఞులకు బరువయ్యెను.

1964లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలందు డగ్లస్ మెకిల్‌రాయ్, తోటకు నీరు పట్టు గొట్టములవలె ప్రోగ్రాములను ఒకదానికొకటి తగిలింపవలెనని వ్రాసెను. 1973లో కెన్ థాంప్సన్ యూనిక్స్ నందు దానిని సాధించెను. ఆ గొట్టమే మినెసోటా విశ్వవిద్యాలయపు జ్యామితి కేంద్రమునకు అక్కఱకు వచ్చెను. 1990 దశకారంభమున అచటివారు జియమ్‌వ్యూ అను దర్శన ప్రోగ్రామును రచించిరి. లెక్క గట్టు ప్రోగ్రాము బొమ్మ గీయ నేర్వనక్కఱలేదు. ఘనమునకైనచో 8 మూలల స్థానములను, ఏ మూలలు కలిసి యే ముఖమగునో తెలుపు 6 పంక్తులను గొట్టములోనికి విడిచిన చాలును. ఆవల తెరపై ఘనము నిలుచును. త్రిప్పి దాని వెనుకవైపును చూడవచ్చును. ఎంత ముచ్చట!

1998లో కేంద్రము మూతపడెను. మూలపాఠమును ఉచితముగా పంచియుండుటచే జియమ్‌వ్యూ మాత్రము మిగిలినది.