పక్కన ఒకరుండాలి

2020 జూలై మూడో వారం. తెల్లవారుజామున వాన వెలిసింది. చికిటి వైపు నుంచి వస్తున్న 108 బండిలో మీరూ ఉన్నారు. మామూలు రోజైతే ఈ వేళకి బరంపురంలో పాల సైకిళ్ళూ కూరగాయల బళ్ళూ ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉండాలి. ఇవాళ గిరి రోడ్డు ఈ చివర నిలబడితే ఆ చివరకి కనిపిస్తోంది. పట్టుచీరల కొట్లకి షట్టర్లు దింపి ఉన్నాయి. కరోనా వల్ల 17 నుంచి 31 దాకా ఒడిశాలో గంజాం, ఖుర్దా, కటక్, జాజ్‌పూర్ జిల్లాలూ రూర్కెలా నగరమూ మూత.

మీ ఎదుట పదహారేళ్ళ అమ్మాయి బండి గోడకి తల ఆనించి కూచుంది. ఈమెకి పేరు పెట్టను. ఆ ఏడాది ఇళ్ళల్లో మాట పడిపోయిన పిల్లలందరి తరఫునా ఈమెని చూడండి. ఫిబ్రవరిలో మెట్రిక్ పరీక్షలు రాసింది. మార్చిలో బడి మూశారు. మేలో సూరత్ నుంచి శ్రామిక్ రైళ్ళు జగన్నాథపూర్ స్టేషనుకి వచ్చాయి. మరమగ్గాల దగ్గర పన్నెండు గంటల షిఫ్టు చేసి, పగలొకరు రాత్రొకరు అదే పరుపు మీద పడుకునే మెస్సుల్లో బతికి, పని పోయి తిరిగొచ్చిన వాళ్ళలో ఈమె నాన్న ఒకడు. ఆయన్ని నేరుగా క్వారంటైన్‌కి తీసుకెళ్ళారు. ఆమె చదివిన బడే క్వారంటైన్. క్వారంటైన్ అమలు కోసం సర్పంచులకి కలెక్టరు అధికారాలు ఇచ్చిన రోజులవి. గడువు తీరి నాన్న ఇంటికొచ్చినా వీధివాళ్ళు వీళ్ళ గడప తొక్కలేదు. కుళాయి దగ్గర అమ్మ బిందె పెడితే మిగతా బిందెలు పక్కకి జరిగాయి.

అమ్మాయికి ముందు నిద్ర పోయింది. తర్వాత ఆకలి. ఆ తర్వాత మాట. అమ్మ దిష్టి తీసింది, తాయెత్తు కట్టించింది. ఇదివరకైతే ఇచ్ఛాపురం దాటి శ్రీకాకుళంలోనో విశాఖలోనో చుట్టాల సాయం అడిగేది. ఇప్పుడు గిరిసోల దగ్గర రాష్ట్ర సరిహద్దు దాటడం మాటలు కాదు. నిన్న రాత్రి పిల్ల నోరు విప్పి, "నేను నేకపోతే మీకు బాగుంటాది" అంది. తెల్లారే దాకా అమ్మ ఆ చెయ్యి వదల్లేదు. ఆశా కార్యకర్త చెబితే 108కి ఫోను చేసింది.

"ఓపాలి ఇటు సూడమ్మా" అంటోంది అమ్మ. అమ్మాయి చూడదు.

బండి మహారాజా కృష్ణచంద్ర గజపతి మెడికల్ కాలేజీ ఆవరణలోకి తిరుగుతుంది. 1962లో మొదలైన ఈ కాలేజీ ఆస్పత్రి దక్షిణ ఒడిశాకి పెద్ద దిక్కు. తలుపు దగ్గర నుదుటికి జ్వరం చూస్తారు, చేతుల్లో శానిటైజరు పోస్తారు.

మనోవైద్య విభాగంలో డాక్టరుగారికి మాస్కు, దాని మీద ఫేస్ షీల్డు. అమ్మాయికీ మాస్కు. మధ్యలో ఆరడుగుల దూరం. ఇక్కడ జబ్బుని ముఖంలో చదవాలి. పెదవి ఎప్పుడు వణికింది, ఏ మాట దగ్గర గొంతు ఆగింది, ఇవన్నీ గుడ్డ వెనకాల ఉండిపోయాయి. ఆయన లేచి, రెండు కుర్చీలూ గాలి ఆడే వరండాలోకి దూరదూరంగా జరిపిస్తారు. "మా, ఒక్క నిమిషం మాస్కు తియ్యి" అంటారు. ఒడియాలో ఆడపిల్లని "మా" అనే పిలుస్తారు, మన "అమ్మా" లాగే.

ఏమైందని ఆయన ఒడియాలో అడుగుతారు. "పిల్లకి మనసు బాగునేదు బాబూ" అంటుంది అమ్మ తెలుగులో. "మొనొ ఖొరాప్" అని అందిస్తుంది పక్కనున్న నర్సు. రెండు భాషల్లోనూ ఒకటే మాట. పిచ్చి అనే మాట ఎవరి నోటా రాలేదని మీరు గమనిస్తారు. అమ్మ భుజాలు కాస్త దిగుతాయి.

"చచ్చిపోవాలనిపిస్తోందా?"

డాక్టరు నేరుగా అలా అడిగేసరికి మీరు ఉలిక్కిపడతారు. ఆ ప్రశ్న అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని మనందరి భయం. అది వట్టి భయమే. అడిగినప్పుడే దాచుకున్నది బయటికి వస్తుంది. అమ్మాయి తల ఊపుతుంది. చాలా రోజుల తర్వాత ఏడుస్తుంది.

చేర్చుకోవాలంటారు. కాగితాలు వస్తాయి. 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం పద్దెనిమిదేళ్ళు నిండని వాళ్ళ చుట్టూ గట్టి కంచె కట్టింది. ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి, వాళ్ళలో ఒకరైనా మనోవైద్యులై ఉండాలి. పెద్దవాళ్ళతో కలిపి ఉంచకూడదు. 72 గంటల్లోగా సమీక్షా బోర్డుకి తెలపాలి. ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ అమ్మో నాన్నో, వాళ్ళ స్థానంలో ఉన్న పెద్దవాళ్ళో బిడ్డ దగ్గరే ఉండాలి. మరో సెక్షను, 97, రోగిని ఒంటరిగా నిర్బంధించకూడదంటుంది.

ఆ అక్షరాల్ని ఈ జూలైలో నిలబడి చదవండి. కరోనా ఎడంగా ఉండమంటోంది, చట్టం పక్కనే ఉండమంటోంది. ముక్కులోంచి తీసిన నమూనా ఫలితం వచ్చేదాకా పిల్లని విడిగా ఉంచాలి. చావు మాట ఎత్తిన పిల్లని ఒంటరిగా ఉంచకూడదు. ఈ ముడిని నర్సు విప్పుతుంది: "అమ్మకి కూడా టెస్టు చేయిద్దాం. ఇద్దరూ ఒకే గదిలో ఉంటారు. మనిషి మారకూడదు మరి." ఇంటి దగ్గర చిన్నవాడున్నాడు. అమ్మ ఒక్క క్షణం ఆలోచించి, "వాడికి వాళ్ళ నాన్నున్నాడు" అని సంతకం పెడుతుంది.

ఈ గది లోపల ఉన్న బాధ లోకమంతటా ఉంది. ఆ ఒక్క ఏడాదిలో ప్రపంచంలో తీవ్ర డిప్రెషన్ కేసులు 27.6 శాతం, అంటే సుమారు 5.3 కోట్లు పెరిగాయని 2021లో లాన్సెట్ పత్రిక అంచనా ప్రచురించింది. ఆడవాళ్ళూ చిన్నవయసు వాళ్ళూ ఎక్కువగా దెబ్బతిన్నారు. కరోనాకి ముందే, 2015-16 జాతీయ సర్వేలో, 13-17 ఏళ్ళ పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. వందమంది కూర్చునే తరగతిలో ఏడుగురు. బడి ఉన్నప్పుడు టీచరో స్నేహితురాలో ముఖం చూసి పసిగట్టేవారు. బడికి తాళం పడ్డాక చూసే కళ్ళు పోయాయి.

రాత్రి. పరీక్షల్లో ఇద్దరికీ నెగిటివ్ వచ్చింది. అయినా మనిషి మారకూడదన్న నియమం అలాగే ఉంది. మంచం పక్కన నేల మీద దుప్పటి పరుచుకుని అమ్మ పడుకుంది. మొదటి మాత్ర వేశారు. ఈ మందు పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుందని డాక్టరు చెప్పి వెళ్ళారు. అన్నాళ్ళూ పిల్లని నిలబెట్టేది పక్కనున్న మనిషే. చట్టం రాసినవాళ్ళకి ఈ సంగతి తెలుసు. కరోనా నాటి నర్సులకీ తెలుసు. మనకీ తెలియాలి. జ్వరం వస్తే పిల్లని ఎంత తొందరగా, ఎంత దాపరికం లేకుండా ఆస్పత్రికి తెస్తామో, మనసు బాగోలేదన్నప్పుడూ అలాగే తేవాలి. బండి దొరకని ఊళ్ళకి, నోరు పెగలని రాత్రులకి, 2022 అక్టోబరు 10న 14416 నంబరుతో టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ వాణి వచ్చింది. ఫోను ఉచితం, ఏ వేళలోనైనా పలుకుతుంది. ఈ అమ్మాయి రాత్రి నాటికి ఆ నంబరు లేదు. అమ్మ చెయ్యి ఉంది.

అయిదో రోజు పొద్దున్న కిటికీలోంచి ఎండ పడుతోంది. గిన్నెలో అన్నం సగమే మిగిలింది. మీరు వెళ్ళడానికి లేస్తుంటే అమ్మాయి గోడ వైపు నుంచి ఇటు తిరుగుతుంది.

"అమ్మా, మెట్రిక్ రిజల్టు ఎప్పుడట?"

29న అని నర్సు చెబుతుంది. అమ్మ వేళ్ళ మీద రోజులు లెక్కపెడుతోంది. అమ్మాయి ఆ వేళ్ళకేసి చూస్తోంది.