కంపెనీ పెట్టెను: ఒక వాక్యానికి వ్యాఖ్యానం

మూలం: కొలువెరిగి, కొరత చూసి, తోడు కూడి కంపెనీ పెట్టెను.

అవతారిక: హైదరాబాద్‌లోని మా అల్వాల్‌లో మిలిటరీ, రైల్వే పింఛన్లతో నడిచే ఇళ్లు చాలా. ఉద్యోగం మానేసి కంపెనీ పెడతానని కొడుకో కూతురో అంటే అమ్మానాన్నలకు ఆ రాత్రి నిద్ర ఉండదు. వాళ్ల కోసమే ఈ వివరణ.

కొలువెరిగి: కొలువు అంటే ఉద్యోగం, ఎరగడం అంటే దాని లోతు తెలియడం. తాడేపల్లి పసుపు రైతు కొడుకు అంజిరెడ్డి మనకు దగ్గర్లోని బాలానగర్‌లో, ప్రభుత్వ మందుల కర్మాగారం ఐడీపీఎల్‌లో పనిచేశారు. మందు తయారీ చేతికి పట్టుబడింది అక్కడే. 1984లో డాక్టర్ రెడ్డీస్ మందుల కంపెనీ స్థాపించారు. కొలువు ఆయనకు బడి అయింది.

కొరత చూసి: కొరత అంటే నలుగురికీ అవసరమై, ఎవరూ తీర్చనిది. 2005 దీపావళికి బెంగళూరు నుంచి ఇంటికి రావడానికి ఫణీంద్ర సామకు బస్సు టికెట్ దొరకలేదు. అలాంటప్పుడు విసుక్కుని ఊరుకునేవాళ్లే ఎక్కువ. ఆయన మాత్రం ఏ బస్సులో ఏ సీటు ఖాళీగా ఉందో ఒక్కచోట తెలిసే దారి ఎందుకు లేదని ఆలోచించారు. ఆ ఆలోచనే 2006లో రెడ్‌బస్‌గా మొదలైంది. ఆయనది నిజామాబాద్ జిల్లా. అల్వాల్ స్టేషన్ మీదుగా సాగే పట్టాలు వెళ్లేది అటే.

'చూసి' అంటే కళ్లతోనే అనుకోవద్దు. పుట్టుకతో చూపులేని శ్రీకాంత్ బొల్లాకు పదో తరగతి తర్వాత సైన్సు చదవనివ్వలేదు. కోర్టుకెక్కి ఆ హక్కు సాధించారు, అమెరికాలో ఎంఐటీలో చదివారు. తిరిగొచ్చి 2012లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టి వికలాంగులకు పని కల్పించారు. తనకు మూసిన తలుపును పదిమందికి తెరవాలన్న తపన అది.

తోడు కూడి: ఫణీంద్రకు బిట్స్ పిలానీ మిత్రులు సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజు తోడయ్యారు. ధైర్యం తగ్గిన రోజున ఆదుకునేది పక్కనున్న మనిషే.

పెట్టెను: మా వీధిలో ఒక గేటుకు 'దోశ పిండి దొరకును' అని అట్టముక్క వేలాడుతుంది. ఆ ఇల్లాలు తెల్లవారకముందే గ్రైండర్ వేస్తుంది. సాయం చేసే మరో ఇద్దరికి నెలనెలా జీతమిస్తుంది. ఆమె పెట్టిందీ కంపెనీయే. అన్నం పెట్టడం, బడి పెట్టడం, కంపెనీ పెట్టడం: తెలుగులో మూడింటికీ క్రియ ఒకటే.

తాత్పర్యం: పిల్లలు కంపెనీ పెడతామంటే పెట్టుబడి ఎంతని ముందే అడగకండి. ఏ పని నేర్చావు, ఎవరి కొరత తీరుస్తావు, నీ వెంట ఎవరున్నారు అని అడగండి. జవాబులు నిజమైతే ఆశీర్వదించండి.